వెలుగు పడితే నీళ్లు పలుకుతాయి: కషాయం రంగును శబ్దంతో కొలిచే పద్ధతి



వీడియోల కింద మీరు పెట్టే ప్రశ్నల్లో ఒకటి ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. కషాయం బలంగా వచ్చిందా, పల్చగా వచ్చిందా, ఎలా తెలుసుకోవాలి? మనలో చాలామందిమి రంగు చూసి చెప్పేస్తాం. ముదురుగా ఉంటే "బాగా దిగింది" అంటాం. లేతగా ఉంటే ఇంకో అరగంట పొయ్యి మీద ఉంచుతాం. టీ కాచినట్టే అన్నమాట. రంగు అంటే వెలుగుకు సంబంధించిన సంగతి కాబట్టి, వెలుగు పెట్టి కొలిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

పోయిన ఖరీఫ్ ముందు మా సంఘం సమావేశానికి ఒకాయన సరిగ్గా అలాంటి మీటరే పట్టుకొచ్చాడు. చిన్న డబ్బా, మధ్యలో గాజు గొట్టం పెట్టే గుంట. ఒకవైపు ఎర్ర లైటు, రెండోవైపు ఆ లైటును చూసే కన్ను. జీవామృతం పోస్తే 60 అనో 75 అనో అంకె వస్తుంది. అంకె పెద్దదైతే జీవామృతం బలమైనదట. ధర 18 వేలు. మా సంఘం పొదుపులో ఆ రోజు ఉన్నది 22 వేలు. విత్తనాల కోసం దాచుకున్న డబ్బు అది. సగం మంది కొనేద్దాం అన్నారు. మీటరు చూపిస్తే పట్నంలో కొనేవాళ్లు నమ్ముతారని వాళ్ల ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు.

నేను పక్కింట్లోంచి రెండు గ్లాసులు తెప్పించాను. ఒకదాంట్లో నీళ్లలో ఒక చెంచా మజ్జిగ కలిపింది. ఇంకోదాంట్లో చిక్కటి టీ డికాక్షన్. రెండూ ఆ మీటరులో పెట్టమన్నాను. మజ్జిగ నీళ్లకు 71 వచ్చింది, డికాక్షన్‌కు 68. "ఇది మజ్జిగకు పనికిరాదు మేడం" అన్నాడాయన. అప్పుడు మా సంఘంలో పెద్దాయన ఒక మాట అడిగాడు. "ఏం నాయనా, జీవామృతంలో పప్పు పిండి ఉంది, పేడ నలుసులున్నాయి, మట్టి ఉంది. అవీ మజ్జిగలాగా తెల్లగా మసకబారేవేగా? మరి నీ అంకె దేన్ని చూసి చెప్తోంది?" దానికి జవాబు రాలేదు. కొనుగోలు వాయిదా పడింది. పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దానికి జవాబు వెతుకుతూ పోతే వెలుగుతో శబ్దం పుట్టించి ద్రవాల్ని కొలిచే పద్ధతి ఒకటుందని తెలిసింది. శాస్త్రవేత్తలు దాన్ని ఫోటో అకూస్టిక్ పద్ధతి అంటారు. ఈ వ్యాసం, దీనితో పాటు పెట్టిన వీడియో దాని గురించే.

ముందు ఆ మీటరు ఎక్కడ బోల్తా పడిందో చూద్దాం.

ఒక గొర్రెల మంద చేలోకి ఒక గేటు నుంచి వెళ్లి ఇంకో గేటు నుంచి బయటికి వస్తోందనుకోండి. మీరు రెండో గేటు దగ్గర కూర్చుని లెక్కపెడుతున్నారు. వంద వెళ్లాయి, ముప్పై వచ్చాయి. మిగతా డెబ్బై ఏమయ్యాయి? తోడేలు తినేసిందా, పొదల్లోకి చెదిరిపోయాయా? గేటు దగ్గర కూర్చుంటే ఎప్పటికీ తెలీదు. వెలుగు కూడా అంతే. ద్రవంలోకి వెళ్లిన వెలుగు రెండు రకాలుగా తగ్గుతుంది. ఒకటి, ద్రవంలోని పదార్థం దాన్ని పీల్చేసుకుంటుంది. దీన్ని శోషణ అంటారు. డికాక్షన్ చేసేది ఇదే. రెండు, నలుసులకు తగిలి పక్కలకు చెదిరిపోతుంది. మజ్జిగలో వెన్న బొట్లు, పాల ప్రొటీన్ నలుసులు చేసేది ఇది. పాలు తెల్లగా కనిపించడానికి కారణం కూడా ఇదే: వెలుగును దాదాపు తాగకుండా అన్ని వైపులకూ విసిరేస్తాయి. అవతలి గేటు దగ్గర కూర్చున్న మీటరుకు తాగిందా, విసిరిందా అనే తేడా తెలియదు. పోయింది అని మాత్రమే తెలుసు.

తోడేలు పట్టిన గొర్రె మాత్రం అరుస్తుంది కదా. పొదల్లోకి పోయింది అరవదు. ఆ అరుపుల్ని లెక్కపెట్టడమే ఫోటో అకూస్టిక్ పద్ధతి.

వెలుగు అరవడం ఏమిటి అంటారేమో. రేకుల ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. పొద్దున ఎండ పడగానే రేకులు టక్ టక్ మంటాయి. మబ్బు కమ్మినప్పుడు మళ్లీ టక్ మంటాయి. ఎండను తాగిన రేకు వేడెక్కి సాగుతుంది, నీడ పడితే కుంచించుకుపోతుంది. ఆ కదలికే శబ్దం. ఇప్పుడు మబ్బు సెకనుకు మూడొందల సార్లు వచ్చి పోతోందని ఊహించుకోండి. ఆ సాగడం, కుంచించుకోవడం ఒక కూతలాగా వినిపిస్తుంది. వెలుగును తాగని వస్తువు వేడెక్కదు, సాగదు, పలకదు. అంతే సంగతి.

ఇది కనిపెట్టింది టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్. 1880లో ఆయన, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి వాషింగ్టన్‌లో ఫోటోఫోన్ అనే పరికరం తయారుచేశారు. తీగ లేకుండా ఎండ కిరణం మీద మాటను పంపడం దాని పని. ఒక బడి భవనం పైనుంచి 213 మీటర్ల దూరంలో ఉన్న బెల్ ప్రయోగశాలకు మాట పంపారు. ఆ పనిలో ఉండగానే, వెలుగును చిల్లుల చక్రంతో ముక్కలు ముక్కలుగా కోసి వస్తువుల మీద పడేస్తే ఆ వస్తువులే శబ్దం చేస్తున్నాయని గమనించారు. రబ్బరు, లోహపు రేకు, చెక్క, ఏది పెట్టినా ఎంతో కొంత పలికింది. 1881లో వేసిన పత్రంలో బెల్ ఇంకో మాట రాశాడు. గుల్లగా, దూది లాగా ఉండేవి, ముదురు రంగువి గట్టిగా పలుకుతాయట. దీపపు మసి అన్నింటికంటే గట్టిగా పలికింది.

ద్రవాల్ని కూడా ఆయన వదల్లేదు. గాజు గొట్టంలో శుభ్రమైన నీళ్లు పోసి వెలుగు పడేస్తే ఏమీ వినిపించలేదు. అదే నీళ్లలో సిరా కలిపితే సన్నగా వినిపించింది. మన ప్రశ్నకు మొదటి జవాబు అప్పుడే దొరికిందన్నమాట. తాగే రంగు ఉంటే ద్రవం పలుకుతుంది, లేకపోతే మౌనంగా ఉంటుంది.

వీడియోలో నేను చేసి చూపించినది బెల్ ప్రయోగానికి పేదింటి రూపం. పెద్ద మూత ఉన్న గాజు పచ్చడి సీసా ఒకటి. లోపల ఒక పక్కంతా కిరోసిన్ దీపం పొగ పట్టించి నల్లగా చేశాను. మూతకు చిల్లు పెట్టి సన్నని రబ్బరు గొట్టం బిగించాను, రెండో కొస చెవి దగ్గర పెట్టుకోవడానికి. ఒక పాత సీడీకి నల్ల కాగితం అంటించి, అంచు చుట్టూ సమానంగా 12 చీలికలు కోసి, పిల్లల బొమ్మ కారు మోటారుకు తగిలించాను. మోటారు సెకనుకు 30 చుట్లు తిరిగితే వెలుగు సెకనుకు 360 సార్లు తెగుతుంది. ఆ స్థాయి కూత చెవికి బాగా అందుతుంది. భూతద్దంతో ఎండను చక్రం చీలికల మీదకు కూర్చి, అవతల మసి సీసా మీద పడేటట్టు పెట్టాను. గొట్టంలో తుమ్మెద రొద లాంటి శబ్దం వినిపిస్తుంది. మోటారు నెమ్మదిస్తే రొద స్థాయి దిగుతుంది, వేగం పెరిగితే ఎక్కుతుంది.

మోటారు చప్పుడే వింటున్నామా అని అనుమానం రావాలి, రాకపోతే తప్పు. దానికి ఉపాయం ఉంది. మోటారును తిరగనిచ్చి వెలుగుకు అడ్డంగా చెయ్యి పెట్టండి. శబ్దం ఆగితే అది వెలుగుది. ఆగకపోతే మోటారుది, గొట్టం ఇంకా పొడుగ్గా పెట్టుకోవాలి. ఇంకో జాగ్రత్త: భూతద్దం కూర్చిన ఎండను కంటితో చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. గడ్డివాము దగ్గర అసలు చెయ్యొద్దు.

తరువాత మసి లేని సీసాలో మూడు దూది ఉండలు ఒకదాని తరువాత ఒకటి పెట్టి విన్నాను. తెల్ల దూది దాదాపు మౌనం. పల్చటి పాలలో ముంచి ఆరబెట్టింది కూడా దాదాపు అంతే. టీ డికాక్షన్‌లో నాలుగుసార్లు ముంచి ఆరబెట్టిన దూది మాత్రం సన్నగా పలికింది. మజ్జిగకు 71, డికాక్షన్‌కు 68 ఇచ్చిన మీటరు చెప్పలేని తేడాను పచ్చడి సీసా చెప్పింది. కాకపోతే ఇది చెవికి తెలిసే తేడా మాత్రమే, కొలత కాదు. దూది ఎందుకంటారా, గుల్లగా ఉండే వస్తువు తన చుట్టూ ఉన్న గాలిని త్వరగా వేడెక్కిస్తుంది. ద్రవాన్ని అలాగే పోస్తే శబ్దం గాలిలోకి రావడం కష్టం. బెల్‌కు సిరా నీళ్లు అంత సన్నగా వినిపించడానికి కారణం కూడా అదే.

తొంభై ఏళ్ల తరువాత ఆ ఇబ్బందిని లేజరు తీర్చింది. గాలిలో శబ్దం వినే బదులు, పీజో అనే స్ఫటికాన్ని ద్రవానికే ఆనించి పెట్టారు. వంటగ్యాసు లైటరు నొక్కితే టక్కుమని నిప్పురవ్వ వస్తుంది చూడండి, దాంట్లో ఉండేది పీజోనే. నొక్కితే కరెంటు పుట్టిస్తుంది. ద్రవంలో పుట్టిన ఒత్తిడి అల దాన్ని నొక్కితే వచ్చే కరెంటును కొలుస్తారు. వెలుగును కూడా సెకనుకు మూడొందల ముక్కలుగా కాకుండా, సెకనులో వంద కోట్ల వంతు లెక్కలో, ఒక్కొక్క చిన్న మెరుపుగా పంపుతారు.

ఇక్కడ అంకెలు కొంచెం ఆశ్చర్యంగా ఉంటాయి. 20 డిగ్రీల నీళ్లను అలాంటి మెరుపు ఒక డిగ్రీలో వెయ్యో వంతు వేడెక్కించిందనుకోండి. మన ఏ థర్మామీటరుకూ అందని వేడి అది. కానీ అది పుట్టించే ఒత్తిడి దాదాపు 450 పాస్కల్స్. మనం ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట గాలిలో పుట్టించే ఒత్తిడి 0.02 పాస్కల్ దగ్గర ఉంటుంది. వేడిని కొలవడం కంటే ఆ వేడి చేసిన చప్పుడును కొలవడం ఎందుకు తేలికో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే ఆ చప్పుడు మన చెవి అందుకునే స్థాయి కంటే చాలా పైన ఉంటుంది.

ఈ పద్ధతిని ద్రవాల విషయంలో పదును పెట్టినవాళ్లలో మన దేశంలో పుట్టినాయన ఒకరున్నారు. కుమార్ పటేల్, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణేలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజరు కనిపెట్టింది ఆయనే. 1970ల చివర్లో ఆయన, ఆండ్రూ టామ్ కలిసి ఈ లేజరు మెరుపుల పద్ధతితో మంచినీళ్ల రంగునే కొలిచారు.

నీళ్లకు రంగేమిటి అనుకోకండి. 660 నానోమీటర్ల ఎర్ర వెలుగు ఒక మీటరు లోతు శుభ్రమైన నీళ్లలో దాదాపు మూడో వంతు పోతుంది. 420 నానోమీటర్ల దగ్గర ఉండే ఊదా నీలం వెలుగు అదే మీటరులో అర శాతం కూడా పోదు. లోతైన బావి, సముద్రం నీలంగా కనిపించడంలో దీని పాత్ర చాలా ఉంది. ఇంత తక్కువ శోషణను అవతలి గేటు పద్ధతిలో కొలవాలంటే ఎన్నో మీటర్ల గొట్టం కావాలి. పైగా ఒక్క దుమ్ము నలుసు ఉన్నా లెక్క చెడిపోతుంది. శబ్దం పద్ధతిలో ఒక చిన్న గాజు పాత్ర చాలు. ఎందుకంటే ఇక్కడ కొలిచేది "ఎంత మిగిలింది" అని కాదు, "ఎంత తాగింది" అని. వెయ్యి రూపాయల నోట్ల కట్టలో పది పైసలు తగ్గాయేమో చూడటానికి, తీసినవాడి జేబులో పది పైసలు ఉన్నాయేమో చూడటానికి ఉన్నంత తేడా.

నాకు అన్నింటికంటే నచ్చినది ఇంకో కిటుకు. చిక్కటి కషాయంలో వెలుగు పైపైనే తాగబడుతుంది. పల్చటి దాంట్లో లోతు దాకా వెళ్తుంది. శబ్దం నీళ్లలో ఒక మైక్రోసెకనుకు దాదాపు 1.48 మిల్లీమీటర్లు నడుస్తుంది. అందుకని పైన పుట్టిన శబ్దం ఒక సమయానికి, లోపల పుట్టింది ఇంకో సమయానికి పీజోను చేరుతుంది. వెలుగు ఒక మిల్లీమీటరు లోతులోనే చాలావరకు తగ్గిపోయే ద్రవమైతే, శబ్దపు అల కూడా 0.68 మైక్రోసెకనులో అంతే తగ్గుతుంది. అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో పట్టించుకోకుండా, అది ఎంత త్వరగా పెరిగింది లేదా తగ్గింది అన్నది చూసి ద్రవం చిక్కదనం చెప్పొచ్చు. లేజరు బలం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉన్నా ఈ లెక్క మారదు. మజ్జిగ లాంటి వాటిలో మాత్రం చెదిరిన వెలుగు లోపల అటూ ఇటూ తిరిగి లోతు లెక్కను మారుస్తుంది. అందుకని శబ్దం ఎత్తు, ఆకారం రెండూ చూసి శోషణనూ చెదరడాన్నీ విడదీస్తారు. చెదరడం లెక్కలోంచి పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో చిత్రం. 4 డిగ్రీల దగ్గర నీళ్లు పలకవు. ఎంత నల్లటి సిరా కలిపినా, ఎంత వెలుగు పడినా దాదాపు మౌనమే. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నింటికంటే చిక్కగా ఉంటాయని బడిలో చదువుకున్నాం కదా. ఆ వేడి దగ్గర కాస్త వేడెక్కించినా నీళ్లు సాగవు. సాగకపోతే శబ్దం లేదు. అంతకంటే చల్లబరిస్తే వేడెక్కినప్పుడు కుంచించుకుపోతాయి కాబట్టి అల తలకిందులవుతుంది. 10 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వెళ్తే అదే కషాయం శబ్దం రెండింతలకు మించి పెరుగుతుంది. అందుకే వేడి ఎంతో రాయకుండా ఇలాంటి కొలత ఇస్తే దానికి విలువ లేదు. పొద్దున చలిలో ఒక డ్రమ్ము, మధ్యాహ్నం ఎండలో ఇంకో డ్రమ్ము కొలిచి పోల్చడం కుదరదన్నమాట.

ఈ విద్య ద్రవాలతో ఆగిపోలేదు. పశువుల కొట్టంలో పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియాను కొలవడానికి డెన్మార్క్‌లో తయారైన ఫోటో అకూస్టిక్ గ్యాసు యంత్రాల్ని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాల ఆవిరిని పసిగట్టడానికి ఇదే పద్ధతి మీద పని చేశారు. ఆకు మీద కూడా వాడతారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మాల్కిన్, కాహెన్ అనేవాళ్లు 1979లోనే దీని సిద్ధాంతం రాశారు. ఆకు తాగిన వెలుగులో కొంత ఆహారం తయారీకి పోతుంది, మిగతాది ఎక్కువగా వేడి అవుతుంది. శబ్దం పుట్టించేది ఆ వేడి. పక్కనుంచి ఇంకో బలమైన లైటు నిలకడగా వేసి ఆకును నిండుకునేలా చేస్తే, అది ఇక దాచుకోలేక వేడిగా వదిలేస్తుంది, శబ్దం పెరుగుతుంది. పెరిగినంతా ఆకు అంతకుముందు దాచుకుంటున్న వెలుగు. దీని గురించి విడిగా ఒక వీడియో చేయాలని ఉంది.

మళ్లీ మన డ్రమ్ము దగ్గరికి వద్దాం. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇంత మంచి ఫోటో అకూస్టిక్ యంత్రం పెట్టినా జీవామృతంలో అది చెప్పేది గోధుమ రంగు ఎంత ఉందన్నదే. ఆ రంగు పేడది, బెల్లానిది. సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగానికి చెప్పుకోదగ్గ రంగు ఉండదు. బతికున్నదీ చచ్చినదీ వెలుగుకు ఒకేలా కనిపిస్తాయి. బెల్లం రెండింతలు వేసి, పేడ మానేసినా రంగు బాగానే ఉంటుంది. కాబట్టి "ఈ అంకె వస్తే జీవామృతం బలమైనది" అని ఏ వెలుగు మీటరు చెప్పినా, శబ్దంతో చెప్పినా సరే, నేను డబ్బు పెట్టను. 18 వేలలో పదో వంతు పెడితే మంచి కాటా వస్తుంది. ప్రతిసారీ ఒకే తూకం వేసుకుంటే, నీడలో 48 గంటలు ఉంచితే, వారం లోపల వాడేస్తే, డ్రమ్ముకూ డ్రమ్ముకూ మధ్య తేడా చాలావరకు తగ్గుతుంది.

వేప కషాయం సంగతి ఇంకా స్పష్టం. పురుగు మీద పనిచేసే ముఖ్య పదార్థం అజాడిరాక్టిన్. అది రంగు లేనిది. వెలుగును గట్టిగా తాగేది 217 నానోమీటర్ల దగ్గర, మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిలో. ఎర్ర లైటుకు అది అసలు అడ్డే కాదు. కషాయంలో మనం చూసే పచ్చదనం ఆకు పచ్చరంగుది, గోధుమ రంగు వగరు పదార్థాలది. ఆకులు ఎక్కువ, గింజలు తక్కువ వేసినా ముదురు పచ్చగానే వస్తుంది. కానీ అజాడిరాక్టిన్ ఎక్కువగా ఉండేది గింజలో. లేత రంగు గింజల కషాయం ముదురు ఆకుల కషాయం కంటే పురుగు మీద గట్టిగా పనిచేయడం మీలో చాలామంది పొలంలోనే చూసి ఉంటారు.

217 దగ్గర కూడా చాలా పదార్థాలు వెలుగును తాగుతాయి. అందుకని ప్రయోగశాలలో ముందు ఒక గొట్టం గుండా పంపి పదార్థాల్ని విడదీసి, తరువాతే ఆ వెలుగుతో కొలుస్తారు. మీ కషాయంలో అజాడిరాక్టిన్ ఎంతుందో నిజంగా తెలియాలంటే అలాంటి పరీక్షకే పంపాలి. గోధుమ రంగు సీసాలో నిండా పోసి, ఎండ తగలకుండా, తయారుచేసిన తేదీ, గింజల తూకం, నీళ్ల కొలత రాసిన చీటీ అంటించి పంపండి. ఎండకు అజాడిరాక్టిన్ త్వరగా చెడిపోతుంది. పిచికారీ సాయంత్రం పూట చేయమని చెప్పేది కూడా అందుకే.